అద్దాల మేడలు ఉప్పల్‌లో, అవస్థలు దిగువ పల్లెల్లో

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల రూపురేఖలు మారుతున్నవి. రేకుల షెడ్లు ఉన్నచోట ఆఫీసు భవనాలు, షాపింగ్ కాంప్లెక్సులు లేస్తున్నవి. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు నడవడం మొదలయ్యాక ఉప్పల్ చౌరస్తా చుట్టూ జాగాకు గిరాకీ పెరిగింది. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాలను నివాస, వ్యాపార అవసరాలకు మార్చుకునే విధానాన్ని ప్రకటించింది. అందులో ఉప్పల్, నాచారం కూడా ఉన్నవి. ఆ విధానం మంచిదా, చెడ్డదా అన్న చర్చ వేరు. అక్కడ లేవబోయే భవనాలు ఎలా ఉండాలన్నది మాత్రం మనకూ సంబంధించిన మాటే.

పట్నంలో ఎవరో మేడ కట్టుకుంటే పల్లెవాళ్లకు వచ్చిన బాధ ఏమిటని కొందరు అడగవచ్చు. ఉప్పల్, నాచారంలో పడిన వాన, పారిన మురుగు చివరకు చేరేది మూసీకే. ఆ మూసీ దిగువన ప్రతాపసింగారం, ఏదులాబాదు, ఇంకా కిందికి పోతే పోచంపల్లి, వలిగొండ పొలాలున్నవి. పైన భవనం తన మురుగును తాను శుద్ధి చేసుకోకపోతే ఆ భారం కింద నాటు వేసే కూలీల కాళ్ల మీద పడుతుంది.

కరెంటు సంగతీ అంతే. యాసంగి వరి చివరి తడులకు బోర్లు నడవాల్సిన రోజుల్లోనే పట్నంలో ఏసీల వాడకం పెరుగుతుంది. అక్కడ వృథా అయ్యే ప్రతి యూనిటు అందరూ పంచుకోవలసినదే.

ఇప్పటి భవనాల్లో చాలావాటికి నేల నుంచి కప్పు దాకా అద్దాలే. చలిదేశాల్లో అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, వెచ్చదనాన్ని బయటకు పోనివ్వదు. అక్కడ అది వరమే. మే నెల ఎండలో ఉప్పల్‌లో అదే శాపం. పడమటి ఎండ నేరుగా లోపలికి దిగుతుంది. దాన్ని తోలడానికి ఏసీ, ఎండ కళ్లలో పడకుండా పరదా, పరదా వేస్తే చీకటి గనుక పట్టపగలు లైట్లు! మన పెద్దలు మందపాటి మట్టిగోడ, పెంకుటిల్లు, ముందు వసారా, నడుమ మండువా పెట్టుకున్నది ఇది తెలిసే.

ఈ తెలివిని పెద్ద భవనానికి వాడవచ్చని రుజువు చేసిన కట్టడం హైదరాబాదులోనే ఉన్నది. హైటెక్ సిటీ దగ్గరి సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణ అనుకూల భవనాలకిచ్చే 'లీడ్ ప్లాటినం' గుర్తింపు అమెరికా వెలుపల మొదట దక్కింది దానికే. నడుమ మండువా, గోడలకు జాలీలు, కప్పు మీద పచ్చిక, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు ఉన్నవి. వాడిన నీటిని మొక్కల వేళ్ల గుండా శుద్ధి చేసి తోటకే పారిస్తారు. మామూలు భవనంతో పోలిస్తే కరెంటు ఖర్చు దాదాపు సగం తగ్గిందని లెక్క.

నీటి లెక్క మనమే వేసుకోవచ్చు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన ప్రాంతంలో ఏటా దాదాపు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఎనిమిది లక్షల లీటర్లు! అందులో ముప్పాతిక వంతు పట్టినా ఆరు లక్షలు. ఈ నీటిని కాలువలోకి వదిలేసి, వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీటిని పంపులతో ఎత్తిపోసుకుంటున్నాం. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజే 32 సెంటీమీటర్లు కురిసినప్పుడు ఉప్పల్, రామంతాపూర్ కాలనీలు నీట మునిగినవి. అంతటి వానను ఇంకుడుగుంతలు ఆపలేవు. కాని ప్రతి ప్రాంగణం తన వానలో కొంతైనా తాను తాగితే మామూలు వానలకు రోడ్లు చెరువులు కావు. భూగర్భజలాల మీద పరిశోధనలు చేసే ఎన్.జి.ఆర్.ఐ. ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. ఆ రోడ్డు పొడవునా నేలను సిమెంటుతో మూయడం ఏం న్యాయం?

ఖర్చు ఎక్కువవుతుందని బిల్డర్లు అంటారు. కొంత నిజమే. మురుగు శుద్ధికి, మంచి అద్దానికి మొదట సొమ్ము పెట్టాలి. అయితే పడమటి గోడకు కిటికీలు తగ్గించడానికి, కిటికీ మీద సజ్జ వేయడానికి, కప్పుకు తెల్లసున్నం కొట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అసలు చిక్కు వేరే ఉన్నది. భవనం కట్టేది ఒకరు, కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవారు. అందుకే కట్టేవారికి పట్టింపు లేదు. పట్టింపు తేవలసింది ప్రభుత్వమే.

రూలు లేదనడానికి వీల్లేదు. ఇంకుడుగుంతలకు 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది. వ్యాపార భవనాలకు చల్లని కప్పు తప్పనిసరి చేస్తూ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం వచ్చింది. కాగితం మీద గుంత, గోడ మీద ఆకుపచ్చ బోర్డు ఉంటే చాలదు. ఉప్పల్, నాచారంలో జాగా వాడుక మార్చుకునే ప్రతి యజమాని మురుగు శుద్ధి, ఇంకుడుగుంతలు, చల్లని కప్పు పూర్తిచేసి చూపాలి. అధికారులు స్వయంగా వచ్చి చూసిన తరువాతే భవనంలో చేరడానికి అనుమతి ఇవ్వాలి. ఏడాదికొకసారి మళ్లీ చూడాలి.

మనం కూడా అద్దం ముందు నిలబడి చూసుకోవాలి. వరంగల్ రోడ్డు పొడవునా మన ఊళ్ల ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు సైతం అద్దాలు, రేకులు తొడుక్కుంటున్నవి. ముందు వసారా, ముంగిట వేపచెట్టు, వెనుక ఇంకుడుగుంత ఉన్న హాలులో పెళ్లి చేస్తే వియ్యాలవారు చిన్నచూపు చూడరు. పట్నానికి బుద్ధి చెప్పేముందు ఆ పని మన ఊరిలో మొదలుపెడదాం. అప్పుడు ఉప్పల్ భవనాల యజమానులను నిలదీసే హక్కు మనకు నిండుగా ఉంటుంది.