పల్లాకు వచ్చిన తరువాత మందు ఎందుకు?

ద్రాక్షారామం పేరులో ద్రాక్ష ఉన్నది గాని చుట్టుపట్ల పొలములలో వెదకినను తీగ కానరాదు. దక్షారామము అను పేరే వాడుకలో ఇట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. ఇచట పండునది వరి, వరి వెనుక మినుము, పెసర. అయినను నేడు ద్రాక్షతోటల కథతోనే మొదలుపెట్టెదను. అది మన మినుము రైతు వినదగిన కథ.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున అనహైమ్ అను ఊరు కలదు. 1857లో జర్మను కుటుంబములు ద్రాక్ష పెంచుటకే ఆ ఊరు కట్టుకొన్నవి. 1880లలో ఆకులు అంచుల నుండి మాడి తీగలు ఎండసాగెను. కొద్ది యేండ్లలో తోటలు నశించెను. ప్రభుత్వము పంపిన న్యూటన్ పియర్స్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1892లో నివేదిక వ్రాసెను. రోగమునకు ఆయన పేరు నిలిచినది గాని కారణము ఆయనకు చిక్కలేదు. రసము పీల్చు దీపపు పురుగులే దానిని తీగ నుండి తీగకు మోయుచున్నవని తేలుటకు 1940ల వరకు పట్టినది. అప్పటికి ద్రాక్ష పోయి ఆ నేలలో నారింజ తోటలు ముదిరినవి.

పాపము, వారికి పురుగు సంగతి తెలియదు. మనకు తెలిసి అరువది యేండ్లు దాటినది. పెసరలో పల్లాకు తెగులును తెల్లదోమ వ్యాపింపజేయునని ఢిల్లీలో జరిగిన పరిశోధన 1960లోనే ప్రకటితమైనది. తెలిసియు మనము చేయుచున్నదేమి?

ఫిబ్రవరి నెలలో రైతు ఒకరు పసుపుపచ్చ మచ్చలు పడిన మినుము కొమ్మను పట్టుకొని వచ్చును. "ఏ మందు కొట్టమంటారండీ?" అని అడుగును. ఉద్యోగములో చేరిన క్రొత్తలో నేనును ఏదో ఒక మందు పేరు వ్రాసి ఇచ్చితిని. రైతును వట్టి చేతులతో పంపుటకు మనసొప్పలేదు. అది పొరపాటు. పల్లాకు వైరస్ తెగులు. మొక్క లోపలికి ప్రవేశించిన వైరస్‌ను పోగొట్టు మందు లేదు. ఆకు పచ్చబడినదనగా దోమ వచ్చి కుట్టి రెండు వారములు గడచినదని అర్థము. ఆనాడు మనము చూచుచున్నది రోగము పుట్టుటను కాదు, ముదురుటను.

తెల్లదోమ ఆకు అడుగున కూర్చుండును. రోగపు మొక్కపై కొద్ది నిమిషములు రసము పీల్చినను చాలు, వైరస్ దాని ఒంటిలోనికి పోవును. కొన్ని గంటల తరువాత నుండి అది ఏ మొక్కను కుట్టినను రోగము అంటించును. అటుపిమ్మట చాల దినములు ఆ శక్తి దానికి ఉండును. తాకుట వలన గాని, నీటి వలన గాని ఈ తెగులు ప్రాకదు. కనుక దోమలు విరివిగా ఉన్న చోటనే భయము కాదు. కొద్ది దోమలున్నను ప్రక్క గట్టున ఒక్క రోగపు మొక్క ఉన్నచో భయమే. మొలచిన మూడు నాలుగు వారములలోపల రోగము పట్టిన మొక్కకు కాయ దాదాపు ఉండదు. కాయ పట్టిన తరువాత వచ్చినచో నష్టము స్వల్పము. అందుచేత మొత్తము పోరాటము తొలి నెలలోనే.

ఆలస్యముగా పదే పదే మందు కొట్టుట వలన ఖర్చే కాదు, కీడు కూడ కలదు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిలో తెల్లదోమ విజృంభించినది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా వాడుట అందుకు ఒక ముఖ్య కారణము. దోమను తిను మిత్రపురుగులు చచ్చినవి, దోమ మిగిలినది.

నా మాట విచిత్రముగా తోచవచ్చును గాని, మినుములో పల్లాకుకు వైద్యము జూన్ నెలలో వరి నారు పోయునపుడే మొదలు కావలెను. మన మాగాణులలో వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా తడి నేలపై మినుము చల్లుదుము. వరి ఎప్పుడు కోతకు వచ్చునో మినుము అప్పుడే పడును. నూటయేబది దినముల స్వర్ణ ఆలస్యముగా నాటినచో మినుము జనవరిలోనికి జారును, లేతపైరు ఎండలు ముదురు వేళకు, దోమ పెరుగు వేళకు చిక్కును. నీరు నిలుచు పల్లపు చేలలో స్వర్ణను వదలలేమని రైతులందురు. అది నిజమే, నేను కాదనను. అట్టి చేలలో నారు ముందుగా పోయుడు. మెరక చేలలోనైనను తక్కువ కాలపు వరి వేయరాదా?

మినుములో పల్లాకును తట్టుకొను టి.బి.జి. 104, ఎల్.బి.జి. 787 వంటి రకములు ఉన్నవి. కిలో విత్తనమునకు 5 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి చల్లినచో లేతమొక్కకు తొలి వారములలో కాపు ఉండును. ఎకరమునకు ఇరువది పసుపుపచ్చ జిగురు అట్టలు పెట్టినచో దోమ రాక ముందే తెలియును. గట్లపై తుత్తురుబెండను, తమంతట తాము మొలచిన పెసర, మినుము మొక్కలను ఉంచరాదు. (పెరటి బెండలో ఈనెలు పచ్చబడుటకు కూడ తెల్లదోమయే కారణము గాని ఆ వైరస్ వేరు. దానిని చూచి మినుముకు బెంగపడనక్కరలేదు.) చేలో తొలి పచ్చమొక్క కనబడిన నాడే పెరికి పూడ్చవలెను. పది మొక్కలున్నప్పుడు ఇది గంట పని. చేను నాల్గవ వంతు పచ్చబడిన పిమ్మట పెరుకుట వృథా.

ఇదంతయు ఒక్క రైతు చేసినచో ఫలితము సగమే. ఆయన చేను శుభ్రముగా ఉన్నను ప్రక్క చేను జనవరి చివర చల్లిన ముదురు రోగపు పుట్ట అయినచో దోమకు సరిహద్దు రాయి అడ్డము రాదు. ధవళేశ్వరము నుండి వచ్చు కాలువ నీటికి వంతులు ఏర్పరచుకొని, తగవులాడియైనను పాటించు మనము, ఒక బోదె క్రింది చేలన్నిటికి మినుము చల్లు వారము ఒకటిగా నిర్ణయించుకొనలేమా? దీనికి డబ్బు అక్కరలేదు, నారుమళ్లకు ముందు ఒక సాయంకాలము రచ్చబండ వద్ద కూర్చున్న చాలును.

గ్రామోద్యోగులకు ఒక మాట. పంట నమోదులో ఎన్ని ఎకరములు మినుము అని వ్రాయుచున్నాము. ఎన్నడు చల్లిరి, తొలి పచ్చమొక్క ఏ సర్వే నెంబరులో, ఏ తేదీన కనబడినది అని కూడ ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడు. రెండు మూడు సంవత్సరముల తేదీలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మీ ఊరిలో ఏ తేదీ దాటి చల్లరాదో ఆ పుస్తకమే చెప్పును. ఈ యేడు రైతు కొమ్మ పట్టుకొని వచ్చినపుడు మందు పేరు వ్రాయుటకు ముందు ఆయనను ఒక్క ప్రశ్న అడుగుడు: "మీ చేను ఏనాడు చల్లితిరి, మీ గట్టు ప్రక్క వారు ఏనాడు చల్లిరి?"