ఏరుకుందామా... గంపగుత్తగా కొనేద్దామా?

మంచి షేరేదో తెలియక కళ్లు మూసుకుని ఏదో ఒకటి కొనేవాళ్లున్నారు. అంతా తెలుసనుకుని కొనేవాళ్లూ ఉన్నారు. ఈ ఇద్దరికీ రాత్రిళ్లు నిద్ర పట్టదు. హాయిగా నిద్రపోయే మూడో దారి కూడా ఒకటుంది!

తిరుమల శ్రీవారి హుండీలో ఏమేం పడతాయి? నోట్లు, చిల్లర, నిలువుదోపిడీ మొక్కుకున్నవారి నగలు, విదేశీ డబ్బు... వాటితోపాటు షేర్ సర్టిఫికెట్లు కూడా! కాగితాల రోజులు పోయి షేర్లన్నీ కంప్యూటర్లలోకి చేరిపోయాక భక్తులకు ఇబ్బంది లేకుండా తితిదే 2015లో డీమ్యాట్ ఖాతా కూడా తెరిచింది.

ఇక్కడో తమాషా ఉంది. స్వామికి ఏ కంపెనీ షేరు రావాలన్నది ఎవరూ నిర్ణయించరు. లాభాల లెక్కలు చూసేవారుండరు, టీవీలో నిపుణుల మాట వినేవారుండరు. మొక్కుకున్నవారి బీరువాలో ఏది ఉంటే అదే వస్తుంది. ఇలా ఎవరూ ఎంచకుండా పోగుపడిన షేర్లు, మహామహులు ఏరికోరి కొన్నవాటితో పోటీపడగలవా? వేళాకోళంలా అనిపించినా, ఆర్థికవేత్తలు యాభై ఏళ్లుగా సీరియస్‌గా చర్చిస్తున్న ప్రశ్న ఇది.

కోతి వేసిన బాణం

1973లో అమెరికా ఆర్థికవేత్త బర్టన్ మాల్కియెల్ ఓ పుస్తకం రాస్తూ చిన్న బాంబు పేల్చాడు. కోతి కళ్లకు గంతలు కట్టి, పత్రికలో షేర్ల పేజీ మీదికి బాణాలు వేయిస్తే, అవి తగిలిన కంపెనీలు నిపుణుల ఎంపికకు ఏమాత్రం తీసిపోవన్నాడు.

ఆ సంగతేదో తేల్చేద్దామని వాల్‌స్ట్రీట్ జర్నల్ 1988లో నిజంగానే పోటీ పెట్టింది. కోతికి బదులు విలేకరులే బాణాలు విసిరారు. 1998 నాటికి వంద పోటీల ఫలితాలు వచ్చాయి. 61 సార్లు నిపుణులు గెలిచారు. 'చూశారా, చదువుకున్న చదువు ఊరికే పోదు' అంటారా? ఆగండి. అదే నిపుణుల్ని డౌజోన్స్ సూచీతో పోల్చి చూస్తే, వందలో 51 సార్లే దాన్ని దాటగలిగారు. అంటే దాదాపు బొమ్మా బొరుసే!

2012లో లండన్ పత్రిక అబ్జర్వర్ ఒక పిల్లిని బరిలోకి దించింది. దాని పేరు ఓర్లాండో. గళ్లు గీసిన కాగితం మీద అది బొమ్మ ఎలుకను పడేసేది. ఏ గడిలో పడితే ఆ షేరు కొనేవారు. ఏడాది తిరిగేసరికి నిపుణుల బృందం కన్నా పిల్లి ఖాతాలోనే ఎక్కువ డబ్బుంది.

నూటికి నాలుగే...

అయితే కళ్లు మూసుకుని కొనేయడమే మేలా? కానే కాదు. గెలిచిన పిల్లి పత్రికలకెక్కుతుంది. ఓడిపోయిన పిల్లుల గురించి ఎవరు రాస్తారు?

హెన్రిక్ బెసెంబైండర్ అనే ప్రొఫెసర్ 1926 నుంచి తొంభై ఏళ్లపాటు అమెరికా మార్కెట్లో ఉన్న షేర్లన్నిటినీ లెక్కగట్టి 2018లో ఫలితాలు ప్రకటించాడు. సగానికి పైగా షేర్లు, ఉన్నంతకాలంలో ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల పాటి రాబడి కూడా ఇవ్వలేదు. మార్కెట్ సృష్టించిన నికర సంపదంతా కేవలం నాలుగు శాతం కంపెనీల పుణ్యమే!

ఈ లెక్క మన మదుపరికి చెప్పేదేమిటి? బుట్టలో నాలుగైదు షేర్లే ఉంటే, ఆ నాలుగు శాతంలో ఒక్కటి కూడా మన చేతికి రాకపోవడానికే ఎక్కువ అవకాశం. కోతి బాణం తప్పని కాదు, అది వేసిన బాణాలు చాలవు. ఓ యాభై కంపెనీలకు తగిలితే కథ వేరు.

ఆ బుధవారం ఏం జరిగింది?

తెలుగువారికి ఈ పాఠం చెప్పడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో వేల కోట్ల రూపాయల లెక్కలు తప్పుడువని సంస్థ ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాసి ఒప్పుకున్నారు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40 రూపాయల దగ్గరకు వచ్చి పడింది. 'మనవాళ్ల కంపెనీ' అన్న నమ్మకంతో లక్ష రూపాయలు ఉంచుకున్నవారికి మిగిలింది దాదాపు 22 వేలు.

అదేరోజు సెన్సెక్స్ కూడా 749 పాయింట్లు, అంటే ఏడు శాతం దాకా పడింది. సూచీని నమ్ముకున్నవారి లక్ష 93 వేలైంది. దెబ్బ ఇద్దరికీ తగిలింది. కానీ ఒకరిది మానే గాయం. కొద్ది రోజుల్లోనే సత్యంను సూచీల నుంచి తొలగించి వేరే కంపెనీలను చేర్చారు. సూచీ మళ్లీ లేచింది.

సొంతూరి కంపెనీ మీద ప్రేమ సహజమే. 1985లో మొదలై, తిరుపతి పక్కనే కరకంబాడిలో ఇంతింతై ఎదిగిన అమరరాజా పేరు చెబితే చిత్తూరువాసి ఛాతీ ఉప్పొంగడంలో వింత లేదు. కానీ ఏ ఊరి కంపెనీ అయినా, అందులోనే ఉద్యోగం, అందులోనే షేర్లు, దాన్ని నమ్ముకునే ఇంటి అప్పు... ఇలా అన్నీ ఒకేచోట ఉంటే మాత్రం జాగ్రత్తపడాలి. అక్కడ ఏ కష్టమొచ్చినా జీతం, పొదుపు రెండూ ఒకేసారి కుదేలవుతాయి.

తోటంతా గుత్తకు...

చిత్తూరు మామిడి వ్యాపారి ఒక్కో చెట్టూ ఎంచుతూ కూర్చోడు. తోట మొత్తాన్ని గుత్తకు తీసుకుంటాడు. కొన్ని చెట్లు విరగకాస్తాయి, కొన్నిటికి పూత రాలిపోతుంది. తోట సగటే అతని లెక్క. ఇండెక్స్ ఫండ్ చేసే పనీ అంతే. నిఫ్టీలో ఉన్న 50 కంపెనీలనూ వాటి పరిమాణాన్నిబట్టి అదే పాళ్లలో కొనేస్తుంది. ఎంపిక ఉండదు, ఊహాగానాలుండవు. ఎండిన చెట్టును తీసేసి కొత్త మొక్క నాటినట్టు, ఏడాదికి రెండుసార్లు నిఫ్టీ జాబితాను సమీక్షిస్తారు. అంబాసిడర్ కార్లు చేసిన హిందుస్థాన్ మోటార్స్ 1986లో సెన్సెక్స్‌లో ఉండేది. తర్వాత అది వెళ్లిపోయింది. సూచీ మాత్రం సాగిపోతూనే ఉంది.

నిపుణులు ఎందుకు వెనకబడతారన్నదానికి నోబెల్ గ్రహీత విలియం షార్ప్ 1991లో చాలా తేలికైన లెక్క చెప్పాడు. మార్కెట్లోని ప్రతి షేరూ ఎవరో ఒకరి దగ్గర ఉండాల్సిందే. ఒకరికి సగటును మించి వచ్చిందంటే మరొకరికి తగ్గినట్టే. అందరినీ కలిపితే వచ్చేది మార్కెట్ సగటే. అందులోంచి ఫీజులు, బ్రోకరేజీ పోతే మిగిలేది సగటుకన్నా తక్కువే కదా!

ఆ ఫీజుల్ని తక్కువ అంచనా వేయకూడదు. లక్ష రూపాయలు ఏటా పది శాతం చొప్పున పెరిగితే పాతికేళ్లకు 10.83 లక్షలవుతుంది. ఖర్చుల కింద ఒక్క శాతం పోయి తొమ్మిదే మిగిలితే 8.62 లక్షలే. తేడా 2.2 లక్షలు. అంటే పెట్టిన అసలుకు రెట్టింపు!

1976లో జాన్ బోగెల్ అమెరికాలో సామాన్యుల కోసం తొలి ఇండెక్స్ ఫండ్ తెచ్చినప్పుడు 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే 1.1 కోట్ల డాలర్లే వచ్చాయి. 'సగటు రాబడి ఎవడికి కావాలి?' అని నవ్వారు. కాలం మారింది. మన ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ కూడా 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని సూచీ ఆధారిత ఈటీఎఫ్‌లలో పెట్టడం మొదలుపెట్టింది. పీఎఫ్ కట్టే చాలామందికి తాము ఈ దారిలో ఉన్నట్టే తెలియదు.

పందెం కాదు, పంట

గుత్తకు తీసుకున్న తోటకీ గాలివాన తప్పదు. 2020 జనవరిలో 12,000 దాటిన నిఫ్టీ కరోనా దెబ్బకు మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ భయంలో అమ్ముకున్నవారి నష్టం శాశ్వతమైంది. ఓపిక పట్టినవారిది తాత్కాలికమైంది. అందుకే...

* రెండు మూడేళ్లలో అమ్మాయి పెళ్లికో, అబ్బాయి ఫీజుకో కావాల్సిన డబ్బును ఏ షేర్లలోనూ పెట్టకూడదు. సూచీ ఫండ్లలో కూడా.

* ఆరునెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నాకే మదుపు మాట.

* ఒకేసారి కాకుండా నెలనెలా చీటీ కట్టినట్టు కొంచెం కొంచెం పెట్టుకోవచ్చు.

* ఒకే సూచీని అనుసరించే ఫండ్లలో ఖర్చు తక్కువున్నదాన్ని ఎంచుకోవాలి.

* సొంతంగా షేర్లు కొనాలన్న సరదా ఉంటే పోయినా బాధపడని మొత్తానికే పరిమితం కావాలి.

రాయలసీమ రైతు మెట్టచేలో ఒక్క వేరుసెనగే వేయడు. మధ్యమధ్య కంది, అనప, అలసంద సాళ్లు పెడతాడు. వాన ఎప్పుడు ముఖం చాటేస్తుందో తనకు తెలియదని అతనికి బాగా తెలుసు. ఆ తెలివిడే మదుపులో సగం విజయం.

కొండమీద ఆర్జిత సేవకు లక్కీడిప్‌లో పేరు రాకపోతే వచ్చేనెల మళ్లీ ప్రయత్నించవచ్చు. పదవీ విరమణ నాడు చేతికందిన డబ్బుకు మాత్రం రెండో డిప్ ఉండదు!