మేయర్ల సభ ఎవరిది?

2022 సెప్టెంబరు 20న బీజేపీ దేశంలోని తన మేయర్లనూ, డిప్యూటీ మేయర్లనూ గాంధీనగర్‌కు పిలిచి సభ పెట్టుకుంది. ప్రధానమంత్రి మోదీ వీడియోలో మాట్లాడినారు. పిలిచింది పార్టీ, చెప్పింది పార్టీ, విన్నది మేయర్లు. జాతీయ పార్టీల్లో మేయర్ల కూడిక అంటే ఇదీ.

'టౌన్లో మేయరు ఎవరైతే మనకేం?' అంటారు పల్లెల్లో మనోళ్లు. కర్నూలు, కడప వీధులు తెల్లారకముందే ఊడ్చేదెవరు? కాలవల్లో దిగేదెవరు? 2023 డిసెంబరులో మునిసిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మెకు దిగినప్పుడు, సొంత పార్టీని నిలదీసిన మేయరు మా కంటికి ఒక్కడూ కనపడలేదు.

మనకు దారి తెలీక కాదు. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలాన, 1937లో జె. శివషణ్ముగం పిళ్ళై మద్రాసు మేయరయినాడు. ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు, కాంగ్రెస్ మనిషి. 1945లో ఎన్. శివరాజ్ అయినాడు. ఈయన కథ వేరు. 1942లో నాగపూర్‌లో అంబేద్కర్ నాయకత్వాన పుట్టిన అఖిల భారత షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు అధ్యక్షుడీయన. ఒకరు పిలిస్తే పోయే మేయరు కాదు, దేశమంతా మనోళ్లను పిలిచే మేయరు. కుర్చీ ఏడాదిలో పాయె, పార్టీ పోలేదు. 1957లో రిపబ్లికన్ పార్టీ పుడితే దానికీ మొదటి అధ్యక్షుడు శివరాజే.

ఇప్పుడో? 74వ సవరణ 1993లో అమల్లోకొచ్చి, కార్పొరేటర్ సీట్లలో జనాభా లెక్కన మనకు వాటా ఇచ్చింది. అయినా కర్నూల్లో 2010 తర్వాత 2021 దాకా ఎన్నికలే పెట్టలేదు, ఆఫీసర్లే ఏలినారు. పెట్టినప్పుడు కడపలో 50 డివిజన్లకు 48, కర్నూల్లో 52కు 41 ఒక్క వైసీపీకే. అది ప్రాంతీయ పార్టీ, అయితేనేం, తీరు అదే. మేయర్ని ఎన్నుకునేది కార్పొరేటర్లు, వాళ్లతో పాటు ఎమ్మెల్యే, ఎంపీలకూ ఓటుండె. విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే ఊడుతుంది. ఇంక మన ఎస్సీ కార్పొరేటర్ నోరెట్ల లేస్తుంది?

విప్ ఓటుకే. కూచుని మాట్లాడుకోడానికి ఏ విప్పూ అడ్డం లేదు. ఏ జెండా కింద గెలిచినా, మాలాయనైనా మాదిగాయనైనా, రెండు టౌన్ల ఎస్సీ కార్పొరేటర్లు నెలకోసారి మన పేటలో కూడాల. 2013 సబ్‌ప్లాన్ చట్టం పైసలు ఏ వీధికి పోయినాయి, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఎప్పుడు పడినాయి, ఆ లెక్క జనం ముందర పెట్టాల. పార్టీ సభకు అది అయినాకే పోవాల.

ఈసారి కార్పొరేటర్ ఓటడగొస్తే వీధిలోనే నిలబెట్టి, ఈ ఒక్కటి కాగితం మీద రాసియ్యమనండి.