ఇంటెల్ వర్సెస్ ఏఎండీ: కొత్త కంప్యూటర్ ఇప్పుడే కొనాలా? ఏడాది చివరిదాకా ఆగాలా?

డెస్క్‌టాప్ కంప్యూటర్ కొందామనుకునే వాళ్లకు ఈ ఏడాది పెద్ద చిక్కే వచ్చి పడింది. కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయ్, ఆగమని ఒకరంటారు. ర్యామ్ ధరలు మండిపోతున్నాయ్, ఇప్పుడే కొనెయ్యమని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇంటెల్, ఏఎండీ మధ్య నడుస్తున్న పోరు ఎక్కడిదాకా వచ్చింది? చిత్తూరు జిల్లా గంగవరం, పలమనేరు లాంటి చోట్ల యాభై, అరవై వేల రూపాయలు కూడబెట్టుకుని కంప్యూటర్ కొనే కుటుంబానికి దీనివల్ల ఒరిగేదేంటి? ఓసారి చూద్దాం.

బరిలో ఏముంది?

డెస్క్‌టాప్ మార్కెట్లో ఇప్పుడు ఏఎండీది రైజెన్ 9000 సిరీస్. 2024 ఆగస్టులో వచ్చింది. ఇంటెల్‌ది కోర్ అల్ట్రా 200ఎస్ సిరీస్. అదే ఏడాది అక్టోబర్‌లో విడుదలైంది. అయితే గేమింగ్‌లో ఇంటెల్ కొత్త చిప్‌లు చాలా చోట్ల తన పాత తరం చిప్‌ల కంటే వెనకబడ్డాయి. విడుదల అనుకున్నట్టు జరగలేదని ఆ కంపెనీయే ఒప్పుకుంది. సరిగ్గా అదే అదనులో, నవంబర్‌లో, ఏఎండీ 479 డాలర్లకు రైజెన్ 7 9800ఎక్స్3డీని దింపింది. ఎనిమిది కోర్లే ఉన్నా, ప్రాసెసర్‌కు అదనపు క్యాష్ మెమరీని జోడించడంతో గేమ్‌లలో దీనిదే పైచేయి అయ్యింది.

ఇక రాబోయే పోటీ సంగతి. ఇంటెల్ తర్వాతి డెస్క్‌టాప్ చిప్ పేరు నోవా లేక్. 2026 చివర్లో తెస్తామని కంపెనీ చెబుతోంది. ఏఎండీ వైపు నుంచి జెన్ 6 డిజైన్ వస్తోంది. ముందు సర్వర్ల కోసం, టీఎస్ఎంసీ 2 నానోమీటర్ టెక్నాలజీతో తయారవుతోంది. పర్సనల్ కంప్యూటర్ల కోసం 'మెడూసా' పేరుతో ఉన్న తరాన్ని ఏఎండీ తన రోడ్‌మ్యాప్‌లో 2027 కింద చూపించింది. అంటే ఇద్దరి కొత్త సరుకూ పూర్తిగా మన ఊరి షాపుల దాకా రావాలంటే 2027 పడుతుందనే లెక్క వేసుకోవాలి.

పోటీ లేకపోతే ఏమవుతుంది?

దీనికి జవాబు కోసం పదేళ్లు వెనక్కి వెళ్తే చాలు. 2017కు ముందు ఏఎండీ దాదాపు బరిలో లేనట్టే. ఆ రోజుల్లో ఇంటెల్ ఏటా కొత్త తరం అంటూ చిప్ తెచ్చేది. కానీ సామాన్యుడు కొనే డెస్క్‌టాప్‌లో ఏళ్ల తరబడి నాలుగు కోర్లే. ఎనిమిది కోర్లు కావాలంటే వెయ్యి డాలర్ల పైమాటే.

2017 మార్చిలో ఏఎండీ తొలి రైజెన్ వచ్చింది. ఎనిమిది కోర్ల రైజెన్ 7 1800ఎక్స్ ధర 499 డాలర్లు. అంతే, సీన్ మారిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంటెల్ కూడా మామూలు డెస్క్‌టాప్ చిప్‌లలో ఆరు కోర్లు ఇచ్చింది. అప్పటిదాకా కుదరనిది ఏడు నెలల్లో ఎలా కుదిరింది? పక్కన పోటీదారు నిలబడ్డాడు కాబట్టే!

ఇప్పుడు సీన్ రివర్స్ అయ్యింది. తడబడుతున్నది ఇంటెల్. 2024 డిసెంబర్‌లో సీఈఓ ప్యాట్ గెల్సింగర్ తప్పుకున్నారు. 2025 మార్చిలో లిప్ బు టాన్ పగ్గాలు చేపట్టారు. ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే దాదాపు పది శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. సెప్టెంబర్‌లో ఎన్విడియా 500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించి, ఇద్దరం కలిసి పీసీ చిప్‌లు చేస్తామంది. ఇంటెల్ పడిపోతే ఏఎండీ అభిమానులు సంబరపడొచ్చు. కానీ పోటీ లేని ఏఎండీ రేట్లు తగ్గిస్తుందా? 2017కు ముందు ఇంటెల్ ఏం చేసిందో గుర్తుంటే జవాబు వేరే చెప్పక్కర్లేదు.

బ్రాండ్లు రెండు, ఫ్యాక్టరీ ఒక్కటే

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. ఏఎండీకి సొంత చిప్ ఫ్యాక్టరీల్లేవు. 2009లోనే వాటిని వదిలించుకుంది. ఇప్పుడు తన ముఖ్యమైన చిప్‌లన్నీ తైవాన్‌ కంపెనీ టీఎస్ఎంసీతో చేయించుకుంటోంది. సొంత ఫ్యాక్టరీలే తన బలమని చెప్పుకునే ఇంటెల్ కూడా కోర్ అల్ట్రా 200ఎస్‌లో లెక్కలు చేసే అసలు భాగాన్ని టీఎస్ఎంసీ దగ్గరే చేయించింది. అంటే షాపులో రెండు బ్రాండ్లు కనిపిస్తున్నా, వెనక కీలకమైన పని జరిగేది ఒకే చోట. అక్కడ ఏ ఇబ్బంది వచ్చినా రెండు బ్రాండ్ల ధరలూ కదులుతాయి.

అందుకే ఇంటెల్ సొంత టెక్నాలజీ 18ఏ మీద అందరి కళ్లూ ఉన్నాయి. దీనితో చేసిన ల్యాప్‌టాప్ చిప్ పాంథర్ లేక్ ఇప్పటికే వచ్చింది. నోవా లేక్‌ను కొంత సొంతంగా, కొంత బయట చేయిస్తామని ఇంటెల్ చెప్పింది. ఇది నిలబడితేనే పోటీ నిలబడుతుంది.

అసలు షాక్ ర్యామ్ దగ్గర

ప్రాసెసర్ల గొడవ అలా ఉంటే, జేబుకు చిల్లు పెడుతున్నది మాత్రం ర్యామ్. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు ఉత్పత్తిని అటు మళ్లించాయి. దాంతో 2025 చివరి నుంచి మామూలు కంప్యూటర్ల ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. మైక్రాన్ అయితే సామాన్య కొనుగోలుదారుల కోసం నడిపే క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అదే నెలలో డాలర్ విలువ 90 రూపాయలు దాటింది. దానిపైన 18 శాతం జీఎస్టీ. పలమనేరు నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో వెళ్లి బేరమాడినా తగ్గేది కొంతే.

కాబట్టి నోవా లేక్ కోసం ఆగి ప్రాసెసర్ మీద రెండు, మూడు వేలు మిగుల్చుకున్నా, ర్యామ్ మీద అంతకు మించి పోయే ప్రమాదం ఉంది.

విండోస్ 10 వాళ్ల సంగతేంటి?

ఊళ్లలో జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు, ట్యాలీ నడిపే దుకాణాల్లో ఇంకా పాత కంప్యూటర్లే ఎక్కువ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న వాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ దాకా వస్తాయి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం, లేదా ఏఎండీ రైజెన్ 2000 సిరీస్ నుంచి పైవి ఉండాలి. జనం ఆధార్, బ్యాంకు వివరాలు టైప్ చేసే కంప్యూటర్‌ను అప్‌డేట్లు లేకుండా నడపడం చోరులకు తలుపు తీసి పెట్టడమే.

ఎవరు ఏం చేస్తే మంచిది?

* మీ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతే కొత్తది కొనకండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించండి. ఆఫీసు పనికి అది చాలు.
* డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉంటే దాన్ని పారేయకండి. దానితో నడిచే ఏఎం4 రైజెన్ గానీ, ఇంటెల్ 12వ తరం గానీ తీసుకుంటే ర్యామ్ ఖర్చు కలిసొస్తుంది. మదర్‌బోర్డు డీడీఆర్4దో కాదో అడిగి మరీ తీసుకోండి.
* ఇంజినీరింగ్ విద్యార్థి నాలుగైదేళ్లు వాడాలనుకుంటే ఏఎం5 బోర్డు నయం. ఈ సాకెట్‌ను 2027, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ మాటిచ్చింది. నోవా లేక్‌కు మాత్రం కొత్త బోర్డు కావాల్సిందేనన్న మాట పరిశ్రమలో గట్టిగా వినిపిస్తోంది.
* సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 చిప్‌లు చవగ్గా వస్తున్నాయంటే తొందరపడకండి. వోల్టేజీ లోపంతో కొన్ని చిప్‌లు దెబ్బతిన్నాయి. ఇంటెల్ వారంటీని రెండేళ్లు పెంచింది, బయోస్ అప్‌డేట్ ఇచ్చింది. కానీ అప్పటికే పాడైన చిప్‌ను ఆ అప్‌డేట్ బాగు చేయలేదు. బిల్లు, వారంటీ చూశాకే డబ్బులివ్వండి.
* భారీ గేమ్‌లు, వీడియో ఎడిటింగ్ కోసం బాగా ఖర్చు పెట్టే వాళ్లు, చేతిలో నడిచే మెషీన్ ఉంటే మాత్రం ఏడాది చివరిదాకా ఆగొచ్చు.

ఈ పోరులో తెలుగువాళ్లు ఎక్కడ?

రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో డిజైన్ సెంటర్లున్నాయి. గోదావరి జిల్లా కొవ్వూరుకు చెందిన, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రాజా కోడూరి ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపి, 2017లో ఇంటెల్‌కు వెళ్లి 2023 దాకా పనిచేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏఎస్ఐపీ టెక్నాలజీస్ చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కు కేంద్ర కేబినెట్ 2025 ఆగస్టులో ఓకే చెప్పింది. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు దాని సామర్థ్యం. అయితే అవి ఫోన్లు, సెట్‌టాప్ బాక్సులు, వాహనాల కోసం. మన డెస్క్‌టాప్ ప్రాసెసర్ ధర దానివల్ల ఇప్పట్లో తగ్గదు.

మొత్తానికి పనికి కంప్యూటర్ అవసరమైతే, చిప్ పేరు చూసి ఆగడంలో అర్థం లేదు. ఏ బ్రాండ్ గెలుస్తుందన్నది ఆ కంపెనీల బాధ. మనకు కావాల్సింది ఆ రెండూ బరిలో ఉండటమే.