కొలిచాకే రీబోర్!

పొద్దున్నే కిక్ కొడితే నీలిపొగ. నెల తిరక్కుండానే ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతోంది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే బండి మూలుగుతోంది. మెకానిక్ సిలిండర్ విప్పి, లోపల వేలు తిప్పి చూసి, ‘బోర్ పోయిందన్నా... రీబోర్ కొట్టియ్యాలె’ అంటాడు. నిజంగానే పోయిందా? పోతే ఎంత పోయింది? ఆ లెక్క వేలికి ఎలా తెలుస్తుంది?

బార్కస్ లాంటి చోట ఇది చిన్న ప్రశ్నేం కాదు. నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల బ్యారక్‌లే జనం నోట నాని బార్కస్ అయ్యాయి. ఈ పాతబస్తీలో పదేళ్లు దాటిన బైకు మీదే పిల్లల బడి, ఇంటి సరకులు, నాన్న వ్యాపారం అన్నీ నడిచే ఇళ్లు ఎన్నో. చిత్రమేమిటంటే, ఇక్కడికి కూతవేటు దూరంలోని కంచన్‌బాగ్‌లోనే డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, 1973లో మొదలైన మిధాని ఉన్నాయి. క్షిపణులైనా, ప్రత్యేక లోహాలైనా అక్కడ కొలవకుండా ఏ ముక్కా ముందుకు కదలదు. సందు చివరి మెకానిక్ షెడ్డుకూ అదే సూత్రం పనికొస్తుంది. దానికి లక్షలు పోయనక్కర్లేదు. ఏది కొనాలో, ఏది వదిలేయాలో తెలిస్తే చాలు.

వెంట్రుకలో సగం!

హీరో హోండా స్ప్లెండర్‌నే తీసుకోండి. దాని బోర్ 50 మి.మీ. ఇలాంటి చిన్న బైకులు కొత్తగా ఉన్నప్పుడు పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఖాళీ సాధారణంగా 0.01 నుంచి 0.04 మి.మీ. ఉంటుంది. అంటే మన తల వెంట్రుకలో దాదాపు సగం మందం. అది 0.10 దరిదాపులకు చేరితే ఇంజిన్ అరిగినట్టే. కచ్చితమైన అంకె మాత్రం మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

చాలామంది ముందుగా కొనేది వెర్నియర్ కాలిపర్. బోల్టులు, వాషర్లు, షాఫ్టులు కొలవడానికి అది మంచిదే. కానీ మామూలు వెర్నియర్ చూపే అతి చిన్న కొలత 0.02 మి.మీ. పైగా దాని లోపలి దవడలు గుండ్రటి బోర్‌లో సరిగ్గా కూర్చోవు. వెర్నియర్ చూసి రీబోర్‌కు పంపడమంటే కూరగాయల కాటాతో బంగారం తూచినట్టే!

మొదటి ఖర్చు... ఫీలర్ గేజ్

కొన్ని వందల్లో దొరికే ఫీలర్ గేజ్‌తోనే సగం సంగతి తేలిపోతుంది. ట్యాపెట్లు సరిచేయడానికి ఎలాగూ ఇది కావాలి. దీంతో బోర్ అరుగుదల కూడా పట్టుకోవచ్చు.

ఆ బోర్‌కు సరిపడే సైజు కొత్త రింగును నూనె లేకుండా తుడిచిన సిలిండర్‌లో పెట్టండి. వంకర లేకుండా కూర్చునేలా పిస్టన్‌తో నెట్టండి. ముందుగా రింగులు తిరగని అడుగు భాగంలో, తర్వాత బాగా అరిగే పైభాగంలో రింగు కొసల మధ్య ఖాళీ కొలవండి. రెండింటి తేడాను 3.14తో భాగిస్తే బోర్ ఎంత పెరిగిందో వస్తుంది. కింద 0.20, పైన 0.36 వచ్చిందనుకుందాం. తేడా 0.16. భాగిస్తే దాదాపు 0.05 మి.మీ. చుట్టుకొలత పెరిగితే వ్యాసం ఎంత పెరుగుతుందన్న బడి లెక్కే ఇది!

అయితే బోర్ కోడిగుడ్డులా సాగిందా, పిస్టన్ అరిగిందా అన్నవి ఈ లెక్కలో తెలియవు. వాటికి మైక్రోమీటర్ కావాలి.

ఒక్క మైక్రోమీటర్... ఏ సైజు?

పారిస్‌కు చెందిన పామర్ 1848లో పేటెంట్ తీసుకున్న స్క్రూ మైక్రోమీటర్ సూత్రం నేటికీ అదే. స్క్రూ ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు కదులుతుంది. డ్రమ్ము మీద 50 గీతలు. కాబట్టి ఒక్కో గీత 0.01 మి.మీ.

ఇవి 0-25, 25-50, 50-75 ఇలా వస్తాయి. పాత బుల్లెట్ 350 వాళ్లకు చిక్కు లేదు. బోర్ 70 మి.మీ. కాబట్టి 50-75 ఒక్కటి చాలు. స్ప్లెండర్‌తోనే తంటా. పిస్టన్ 50కి కాస్త తక్కువ, అరిగిన బోర్ 50కి కాస్త ఎక్కువ. 25-50 కొంటే పిస్టన్ కొలవొచ్చు గానీ 0.25 ఓవర్‌సైజ్ పిస్టన్ అందులో పట్టదు. అలాంటివాళ్లు బోర్ సంగతి ఫీలర్ గేజ్‌కు వదిలేసి, 25-50తో సరిపెట్టుకోవచ్చు. పిస్టన్‌ను పైన కాదు, స్కర్టు దగ్గర, పిన్నుకు అడ్డంగా కొలవాలి.

బోర్ కూడా కొలవాలనుకుంటే టీ ఆకారంలో, స్ప్రింగుతో విచ్చుకునే టెలిస్కోపిక్ గేజ్ చవకైన దారి. బోర్‌లో బిగించి, బయటికి తీసి, దాన్ని మైక్రోమీటర్‌తో కొలుస్తారు. చెయ్యి తిరగాలి. ఒకే చోట అయిదుసార్లు కొలిస్తే 0.02 కంటే ఎక్కువ తేడా వస్తోందా? ఇంకా అభ్యాసం కావాలన్నమాట. డయల్ బోర్ గేజ్ ఇంతకన్నా నమ్మకమైనదే. కానీ ఏడాదికోసారి ఇంజిన్ విప్పేవారికి ఆ ఖర్చు దండగ.

నమ్మకానికి బేరింగ్ పరీక్ష

కొత్తవి కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని టూల్స్ షాపులున్నాయి. పాతవైతే జుమేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో అదృష్టం పరీక్షించుకోవచ్చు. జపాన్ కంపెనీ మిటుటోయో పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి. కాబట్టి పేరు చూసి కాదు, పరీక్షించి కొనండి.

ఎలాగంటే, బేరింగ్ షాపులో పేరున్న కంపెనీ 6203 బేరింగ్ కొనండి. దాని బయటి వ్యాసం 40 మి.మీ. మామూలు రకంలో కూడా 0.011 మి.మీ. కంటే తగ్గకూడదన్నది దాని ప్రమాణం. మైక్రోమీటర్‌లో అది 39.99కీ 40.00కీ మధ్య రావాలి. 50-75 సైజుకు 62 మి.మీ. ఉండే 6206 తీసుకోండి. దానికి 0.013 వరకు తగ్గుదల ఉండొచ్చు. ఇంతకంటే గట్టి భరోసా కావాలంటే బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోట క్యాలిబ్రేషన్ చేయించుకోవచ్చు.

వేడితో జాగ్రత్త. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 50 మి.మీ. అల్యూమినియం పిస్టన్ అదనంగా 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.02 మి.మీ. ఉబ్బుతుంది. అంటే మైక్రోమీటర్ మీద రెండు గీతలు! అందుకే పనిముట్టును, పిస్టన్‌ను కొన్ని గంటలు నీడలో ఒకేచోట ఉంచి కొలవాలి.

తొందరపడితే నష్టమేంటి?

రీబోర్ చేసిన ప్రతిసారీ సిలిండర్ ఒక మెట్టు దిగుతుంది. ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00... అంతే. ఆ నాలుగు మెట్లూ అయిపోతే స్లీవ్ మార్చాలి, లేదా కొత్త సిలిండర్ కొనాలి. పైగా నీలిపొగకు బోర్ ఒక్కటే కారణం కాదు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్టయినప్పుడు మాత్రమే పొగ వదిలి, తర్వాత మామూలైతే చాలాసార్లు అది వాల్వ్ సీళ్ల పని. తక్కువ ఖర్చుతో పోయేదానికి సిలిండర్ కోయించుకుంటే ఎలా?

గుర్తుంచుకోండి

* మైక్రోమీటర్‌ను బిగించి తిప్పకండి. చివరనున్న రాచెట్ టిక్కుమనే దాకా చాలు.
* 25-50, అంతకంటే పెద్ద సైజులకు సున్నా చూసుకునే స్టాండర్డ్ రాడ్ ఉందో లేదో చూసి కొనండి.
* చవక డిజిటల్ కాలిపర్‌లు ఆపేసినా బ్యాటరీ తాగేస్తాయి. తీసి పెట్టండి.
* బోర్‌ను పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో... మొత్తం ఆరు కొలతలు తీయాలి.
* రీబోర్ తప్పనిసరైతే కొత్త పిస్టన్ ముందే కొని షాపులో ఇవ్వండి. పని పూర్తయ్యాక ఆ ఆరు కొలతలూ కాగితం మీద రాసిమ్మని అడగండి.