దిష్టి గింజ, మిగిలిన మచ్చ

దిష్టి తగలకుండా పసిబిడ్డ మొలతాడుకు నల్లజీడి గింజ కట్టే ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. దారం ఎక్కించడానికి గింజకు చిల్లు పొడుస్తారు. పెంకులోని నల్లటి జిగురు నూనె బయటికొచ్చేది అప్పుడే. అందులోని భిలావనాల్ చర్మాన్ని పొక్కిస్తుంది. మామిడి సొన అంటి మూతి పొక్కడం మనకు తెలిసిందే, ఇది అంతకంటే తీవ్రం. ఒకప్పుడు రజకులు బట్టలకు గుర్తు పెట్టిందీ ఈ నూనెతోనే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో ఉన్న విదేశీ సైనికులకు చొక్కా గుర్తు ఆనిన చోటల్లా చర్మం పేలితే, వైద్యులు దానికి ‘ధోబీ మార్క్ డెర్మటైటిస్’ అని పేరు పెట్టారు.

నూనె తగిలిన వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు. చాలామందికి ఒకటి రెండు రోజుల తర్వాతే దురద, ఎర్రదనం, నీటి పొక్కులు మొదలవుతాయి. రోగనిరోధక కణాలు ఎదురుతిరగడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది. మూఢనమ్మకానికి సందు దొరికేది ఇక్కడే. గింజ కట్టింది సోమవారం, ఒళ్లు పేలింది బుధవారం. మధ్యలో వచ్చి బిడ్డను ముద్దు చేసిన పిల్లల్లేని పక్కింటామె మీద నింద పడుతుంది. ఆమె ఇక ఆ గడప తొక్కదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ అన్యాయమే.

పొక్కులు మానాక నల్లమచ్చ మిగులుతుంది. వాపు వల్ల రెచ్చిన కణాలు మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. అది పైపొరలోనే ఉంటే నెలల్లో పలచబడుతుంది, లోపొరలోకి దిగితే బూడిదరంగు మచ్చగా ఏళ్ల తరబడి ఉంటుంది. చామనఛాయ వాళ్లలో ఇది ఎక్కువ. దీన్ని సర్పదోషం అంటారు, పుట్టలో పాలు పోయిస్తారు, మోపిదేవి గుడికి మొక్కుకుంటారు. మచ్చ తగ్గడానికి ఎలాగూ కొన్ని నెలలు పడుతుంది, మొక్కు తీర్చుకునేసరికీ అన్నే నెలలు గడుస్తాయి. ఫలితం మొక్కు ఖాతాలో పడుతుంది. తగ్గనివాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోరు.

ఆ మచ్చ అంటుకోదు, కడుపున పుట్టే పిల్లలకు రాదు. అయినా చేతి మీద అలాంటి మచ్చ ఉంటే, పెళ్లిచూపుల వేళ అమ్మాయి మోచేతుల దాకా జాకెట్టు కుట్టించుకుంటుంది. ఎవరో చెప్పారని నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం మళ్లీ కమిలి మచ్చ ఇంకా ముదురుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ‘తెల్లబరిచే’ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా అమ్మకం ఆగలేదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి. పొక్కించిన వస్తువును దూరం పెట్టడం, గీకకపోవడం, ఎండ తగలనివ్వకపోవడం, చర్మవైద్యుడు రాసిన మందు, ఓపిక: మేలు చేసేవి ఇవే.

బాలింత బిడ్డతో ఇంటికి బయల్దేరే ముందే నర్సులు, ఆ తర్వాత ఆశా కార్యకర్తలు టీకాల తేదీలతో పాటు ఈ గింజ గురించీ చెప్పాలి. నూనె అంటితే వెంటనే సబ్బుతో కడగమనీ చెప్పాలి.