ఏడాది దాటితే డ్రైవరు కాడా?

ఉద్దానం వాడికి వలస కొత్త కాదు. తాతల కాలంలో రంగం పోయారు. ఆ తర్వాత అండమాన్ పోయారు. ఇప్పుడు దుబాయి, సౌదీ, కువైట్, ఖతార్ పోతున్నారు. వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా, డ్రైవర్లుగా పోతున్నారు. పోయినోడు ఎప్పటికైనా ఇంటికొస్తాడు. వచ్చేసరికి ఇల్లుంటుంది, వాకిలుంటుంది. పెట్టెలో దాచిపెట్టి పోయిన డ్రైవింగ్ లైసెన్సు మాత్రం చచ్చి ఉంటుంది.

ఇదొక సమస్యా అని ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లకి అనిపించవచ్చు. సమస్యే అంటున్నాం మేము. ఎందుకో చెబుతాం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి తోటల్ని ఒక్క రాత్రిలో నేలకు పడుకోబెట్టింది. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఏం తిని బతకాలి? పాస్‌పోర్టు తీయక ఏం చేస్తారు? చెట్లు పడిపోయిన మరుసటి ఏడాదే, 2019లో, పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. ఆ సవరణలో వలస పోయినోడి గురించి ఒక్క మాట లేదు. దెబ్బ మాత్రం వాడికే ఎక్కువ తగిలింది.

అంతకు ముందు ఏముండేది? 1988 చట్టం 15వ సెక్షన్ ప్రకారం లైసెన్సు గడువు తీరి 5 ఏళ్లు దాటితేనే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పెట్టేవారు. ఐదేళ్లలోపు వస్తే దరఖాస్తు, ఫీజు, అవసరమైతే డాక్టరు సర్టిఫికెట్. అంతే. 2019 సవరణ ఆ అయిదుని ఒకటి చేసింది. గడువు తీరి ఏడాది దాటిందా, టెస్టు పాసైతేనే రెన్యూవల్. గడువు తీరాక కూడా 30 రోజులు లైసెన్సు చెల్లుతుందన్న పాత వెసులుబాటును కూడా ఎత్తేసింది. తేదీ దాటిన మర్నాడు బండి ఎక్కితే లైసెన్సు లేనట్టే లెక్క.

గల్ఫు కంపెనీ కాంట్రాక్టు మామూలుగా రెండేళ్లు. మధ్యలో సెలవు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. పాస్‌పోర్టు కఫీలు దగ్గర ఉండిపోయినోళ్లు ఎంతమంది లేరు! రెండేళ్లు కదల్లేని మనిషికి ఏడాది గడువు పెట్టడమంటే కాళ్లు కట్టేసి పరుగు పందెం పెట్టడం కాదా?

మంచి చెడ్డలు రెండూ చెప్పాలి. రవాణా వాహనాల లైసెన్సు గడువును 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచింది కూడా ఈ సవరణే. గడువు తీరడానికి ఏడాది ముందే రెన్యూవల్ చేసుకునే వీలు కల్పించింది కూడా ఇదే. కానీ ఈ సంగతి విమానం ఎక్కబోయే వెల్డరుకు ఎవరు చెప్పారు? ఏజెంటు చెప్పాడా? వీసా డబ్బు గుంజేవాడికి లైసెన్సుతో ఏం పని?

సొంత బండి లైసెన్సుకు పాత లెక్క ఇరవై ఏళ్లు లేదా యాభయ్యో ఏడు, ఏది ముందైతే అది. 2005లో కుర్రతనంలో లైసెన్సు తీసుకున్నోడికి 2025లో గడువు తీరిపోయింది. వాడు ఆ సమయానికి ఎక్కడున్నాడు? ఏ ఎడారిలోనో పైపులైను అతుకుతున్నాడు. నలభై దాటినవాడు కాబట్టి డాక్టరు సంతకంతో 1ఎ ఫారం కూడా తేవాలి. 2016 డిసెంబరులో మార్చిన కేంద్ర నిబంధనల్లో ఆలస్యానికి ఏడాదికి వెయ్యి రూపాయల అదనపు రుసుం రాశారు. మూడేళ్లు పోతే మూడు వేలు. ఊళ్లో ఉండి బద్ధకించినోడికీ, దేశం కాని దేశంలో చెమటోడ్చినోడికీ ఒకటే జరిమానా!

ఇక ఆన్‌లైన్ అంటారు. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చంటారు. టెస్టు అవసరం లేని రెన్యూవల్‌కు ఆధార్‌తో ఆ వీలుంది, నిజమే. కానీ ఓటీపీ వచ్చేది ఆధార్‌కు కట్టిన నంబరుకి. రీచార్జి లేక ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. ఆ నంబరు ఇప్పుడు ఎవడి జేబులో మోగుతోందో! ఏడాది దాటిపోయిందా, ఆ దారీ లేదు. సెలవుకొచ్చింది నలభై రోజులైతే, అందులో లెర్నర్ లైసెన్సు దగ్గర నుంచి మొదలెట్టమంటే మధ్యలో 30 రోజులు ఆగాలి. ఇచ్ఛాపురం, కవిటి నుంచి జిల్లా కేంద్రానికి వంద కిలోమీటర్లకు పైమాటే. ఈ సందులోనే బ్రోకరు పుట్టుకొస్తాడు. బ్రోకర్ని పుట్టించింది ఎవరు? జనమా, నిబంధనా?

"పోనీ లైసెన్సు లేకుండానే తోలితే ఏటవుద్ది?" అని అడిగే తమ్ముళ్లున్నారు. ఏమవుతుందో వినండి. లైసెన్సు లేకుండా నడిపితే జరిమానా 5,000 రూపాయలు. 2019కి ముందు అది 500. బండి తండ్రి పేర ఉంటే, తాళం ఇచ్చిన పాపానికి తండ్రికి కూడా 180వ సెక్షన్ కింద మరో 5,000. ఇది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ ఇన్సూరెన్సుది. ప్రమాదంలో ఎవరికైనా ఏమైనా అయితే, బాధితుడికి కంపెనీ చెల్లించినా ఆ డబ్బు బండి యజమాని నుంచి వసూలు చేసుకునే దారి కోర్టులు ఇచ్చాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ లెక్కలన్నీ తేల్చింది. పదేళ్లు గల్ఫులో ఒళ్లు అరగదీసుకుని సంపాదించింది ఒక్క సాయంత్రంలో పోతుంది.

ఉద్దానంలో బండి షోకు కోసం కాదు. ఇక్కడ ఇంటింటా కిడ్నీ జబ్బు భయం ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఆస్పత్రి వచ్చింది, సంతోషం. కానీ డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు మనిషిని తీసుకెళ్లాలి కదా! ఏ వజ్రపుకొత్తూరు నుంచో, మందస నుంచో తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని పోయేది ఆ కొడుకే. వాడి లైసెన్సు చెల్లదంటే ఆ ఇంటి అంబులెన్సు చెల్లదన్నట్టే.

రోడ్డు భద్రత మాటేమిటి అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. ఆరేళ్లు స్టీరింగు ముట్టని వెల్డరుకు టెస్టు పెట్టండి, మేము కాదనం. గల్ఫులో కుడివైపు తోలి వచ్చినోడికి మన ఎడమవైపు మళ్లీ అలవాటు కావాలి, ఒప్పుకుంటాం. కానీ సౌదీ హైవే మీద ట్రైలరు తోలి నిన్న దిగినోడిని డ్రైవింగ్ మరిచిపోయావంటే ఎలా? విదేశీ లైసెన్సు చేతిలో ఉన్నవాడికి అదే తరగతి బండికి టెస్టు మినహాయింపు ఉందని చట్టం 9వ సెక్షనే చెబుతోంది. ఈ సెక్షన్ గురించి ఎన్ని ఆఫీసుల్లో బోర్డు కట్టారు?

తలుచుకుంటే ప్రభుత్వం గడియారం ఆపగలదు. కరోనాలో ఆపింది. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సులను విడతలు విడతలుగా 2021 దాకా చెల్లుతాయని ప్రకటించింది. 2021 జనవరిలో, విదేశాల్లో ఉండగా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గడువు తీరితే అక్కడి మన ఎంబసీలోనే దరఖాస్తు ఇచ్చే వీలు కల్పించింది. కారులో తిరిగే ప్రవాసికి తెరిచిన ఎంబసీ తలుపు, కూలికి పోయిన ప్రవాసికి ఎందుకు తెరుచుకోదు?

అందుకే మేము అడుగుతున్నాం. పాస్‌పోర్టు ముద్రలు చూపించినవాడికి విదేశంలో ఉన్న కాలాన్ని ఆలస్యంగా లెక్కించొద్దు. వాడికి పాత ఐదేళ్ల గడువే వర్తించాలి. ఆ కాలానికి అదనపు రుసుం వద్దు. లైసెన్సు రెన్యూవల్ దరఖాస్తును ఎంబసీల్లో తీసుకోవాలి. సెలవుకొచ్చినవాళ్లకు పలాస, టెక్కలిలో నెలకో రోజు కేటాయించి టెస్టు పెట్టాలి. ఇందులో దానం ఏదీ లేదు. వాళ్లు పంపిన డబ్బు తీసుకున్న దేశం తిరిగివ్వాల్సిన కనీస మర్యాద ఇది.

ఇవి వచ్చేదాకా మనం చేయాల్సింది మనం చేద్దాం. విద్యార్థి మిత్రులారా, మీ ఊళ్లో విమానం ఎక్కబోయే ప్రతి అన్న లైసెన్సు మీద తేదీ చూడండి. ఏడాదిలోపు తీరిపోయేదైతే వెళ్లక ముందే సారథిలో దరఖాస్తు పెట్టించండి. ఆధార్‌కు ఇంట్లో ఉండే నంబరు కట్టించండి. రవాణా శాఖలో ఉన్న ఉద్యోగ సోదరులారా, 9వ సెక్షన్, 15వ సెక్షన్ తెలుగులో రాసి కౌంటరు పక్కన అంటించండి. దానికి ఏ జీవో అక్కర్లేదు. ఒక కాగితం, కాస్త మైదా జిగురు చాలు.